మంచం దాకా వచ్చిన భూదేవి

చిన్న కథే. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్లు కూడా విని వెళ్లవచ్చు.

ఒకానొక రాజ్యంలో, అంటే కుందవరంలో, రణభీమ మహారాజు అని ఒకాయన ఉండేవాడు. యుద్ధం ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. ఆయన మంత్రి భద్రయ్య, రాజు మాట పూర్తికాకముందే "చిత్తం" అనేవాడు. ఒకసారి రాజు తుమ్మబోతే కూడా అన్నాడు. పురోహితుడు సోమావధానికి ఏ ముహూర్తమైనా మధ్యాహ్న భోజనానికి కాస్త ముందే కుదిరేది. గ్రహాలకు ఆయన ఆకలి తెలుసని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన కోడలి సంగతి ఇంకా బాగుంటుంది గానీ, పాలు పొంగిపోతాయి. మంచం దగ్గరికి వద్దాం.

పొరుగు రాజు మంచం నడుమెత్తున ఉందని వేగులవాడు చెప్పాడు. సైన్యాన్ని చూసి రమ్మంటే మంచాన్ని చూసి వచ్చాడు. రణభీముడు వెంటనే ఛాతీ ఎత్తు మంచం చేయించుకున్నాడు. ఎక్కడానికి పీట వేస్తామంటే కోప్పడ్డాడు.

"పీటలు పిల్లలకూ ముసలివాళ్లకూ. రాజు పీట ఎక్కడు."

ఎక్కడం ఎలాగో ఎక్కేవాడు. పరుగెత్తుకొచ్చి, పొట్ట ఆనించి, చెరువులో ఈదినట్టు కాళ్లు కొట్టుకుంటూ. కాపలావాళ్లు గోడ వైపు తిరిగి నిలబడేవారు. దిగడంలోనే ఉంది చిక్కు. నిద్రలేవగానే, కాలు కింద పెట్టకముందే, చేత్తో నేలను తాకి భూదేవిని మన్నించమని కోరడం ఆ వంశాచారం. తాతలనాటి మంచాలు జానెడెత్తు, చెయ్యి అందేది. ఈ మంచం మీంచి చెయ్యి అందాలంటే ముందు తల దిగాలి. దిగింది.

మొదటిసారి నుదురు బొప్పి కట్టింది. రెండోసారి భుజం పట్టేసింది. తప్పు ఒప్పుకోవడం ఆ వంశాచారం కాదు గనక, అది పడకగది కావలి లింగయ్య మీద పడింది.

"నేను మళ్లీ పడితే నిన్ను ఇంటిల్లిపాదితో పొలిమేర దాటిస్తాను" అన్నాడు రాజు.

"చిత్తం" అన్నాడు మంత్రి.

లింగయ్య వెళ్లి ఆస్థాన విదూషకుడు చెన్నప్ప అరుగు మీద కూలబడ్డాడు.

"పట్టుకోబోతే రాజును తాకుతావా అంటారు బాబూ. పట్టుకోకపోతే పడతారు. ఈ వయసులో ఏ ఊరు పోను?"

"కింద పరుపు వెయ్యలేకపోయావా?"

"వేశాను. నేల తగల్లేదని పరుపు తీయించి మరీ వంగారు."

చెన్నప్పకు నవ్వొచ్చింది. లింగయ్య మొహం చూసి మింగేశాడు. పీట వేసుకోమని నేరుగా చెబితే లింగయ్యతోపాటు తనూ మూట సర్దుకోవాలి. ఆ పూట చెన్నప్పకు అన్నం సయించలేదు.

మర్నాడు సభలో దిగాలుగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, మొహం వేలాడేశావు?" అన్నాడు రాజు.

"పొరుగు రాజ్యంలో ఒక మాట అనుకుంటున్నారు ప్రభూ. వాళ్ల వేగులవాడు కూడా మంచం చూడ్డానికే వచ్చినట్టున్నాడు."

"ఏమంటున్నారు?"

"రణభీముడు రోజూ తెల్లవారగానే నేల మీద సాగిలపడుతున్నాడట, అంటున్నారు."

"చిత్తం" అన్నాడు మంత్రి అలవాటుగా. రాజు ఆయన వైపు చాలాసేపు చూశాడు.

"ఏం చెయ్యమంటావు చెన్నప్పా?"

"మామూలు రాజులు భూదేవి దగ్గరికి దిగుతారు. తమ దగ్గరికి ఆవిడే లేచి రావాలి ప్రభూ. దేవుణ్ణి పీట మీదికి ఆవాహన చెయ్యడం లేదా మనం?"

రాజుకు ఆ మాట నచ్చింది. మంచం పొడవునా పుట్టమన్నుతో మెట్లలా రెండంతస్తుల అరుగు లేచింది. పేడతో అలికి, ముగ్గు పెట్టారు. మన్ను ఆరేదాకా రాజును పాత మంచం మీద పడుకోబెట్టే పని సోమావధాని గ్రహాలు చూసుకున్నాయి.

"ఇంకో మర్యాద ఉంది ప్రభూ" అన్నాడు చెన్నప్ప. "మెలకువ రాగానే గబుక్కున లేవడం కూలివాళ్ల పద్ధతి. రాజు పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని కాసేపు దర్శనమివ్వాలి."

"ఎవరికి?"

"గదికి." కళ్లు తిరగడం తగ్గేదాకా అన్న మాట చెన్నప్ప పైకి అనలేదు. "ఆ తర్వాత భూదేవిని తాకి, మంచం కోడు పట్టుకుని, కుడికాలు పెట్టి దిగాలి."

"కోడు పట్టుకోవడం దేనికి?"

"మంచానికి సెలవిచ్చినట్టు."

అరుగు ఆరాక మొదటి పొద్దున గది బయట లింగయ్య మూట పక్కన పెట్టుకునే కూర్చున్నాడు. పక్కన చెన్నప్ప. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ఏమీ పడలేదు. రాజు తన కాళ్ల మీద తాను నడిచి బయటికి వచ్చాడు. లింగయ్య గోడకు ఆనుకుని మెల్లగా ఊపిరి వదిలాడు.

రాజు గడపలో ఆగాడు.

"చెన్నప్పా, రాత్రి ఎక్కినప్పుడు కూడా ఆ అరుగు మీంచే ఎక్కాను. అది పీటే గదా?"

లింగయ్య చెయ్యి మూట మీదికి పోయింది.

"భూదేవి ప్రభూ. ఆవిణ్ణి పీట అన్నవాణ్ణి పొలిమేర దాటిద్దాం. ఎవడన్నాడు?"

రాజు అటూ ఇటూ చూశాడు. అన్నది తానే. మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. నవ్వి నవ్వి కోడు దొరక్క చెన్నప్ప భుజం పట్టుకున్నాడు. లింగయ్య ఉద్యోగం లింగయ్యకే ఉండిపోయింది. చెన్నప్పకు గొప్ప బహుమానం ఇస్తానని రాజు మాటిచ్చాడు.

ఎండాకాలం వచ్చాక, అరుగు చల్లగా ఉందని రాజు దాని మీదే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. మంచాన్ని చెన్నప్పకు బహుమానంగా పంపించాడు. ద్వారంలో పట్టక అది పెరట్లో ఉంది. చెన్నప్ప భార్య దాని మీద వడియాలు ఎండబెడుతోంది.