గుమ్మం ముందు గడ్డిపెళ్ళ

"రాజొస్తాడే గువ్వా, ఓడెక్కి వస్తాడే,
ఎవరి గడప వాళ్ళకి ఇప్పిస్తాడే..."

ఆ తర్వాత ఏముందో నాకు గుర్తు రాదు. పాలు అనో పొంగు అనో ఏదో మాట ఉండేది. మా అమ్మ ఆవును పితుకుతూ పాడేది. పాట అయ్యేసరికి చెంబు నిండేది. ఆవు పోయాక అమ్మ మళ్ళీ పాడలేదు. అందుకే చివరి చరణం నాకు అంటలేదేమో.

పాటలో ఉన్నట్టే రాజు వచ్చాడు. ఆయన తండ్రి తల తీసినవాళ్ళ దొరతనం పోయింది. కొడుకు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు గద్దె ఎక్కాడు. మా ఐర్లండుకీ ఆయనే రాజు. ఆ సంబరానికి ఊళ్ళవాళ్ళు కొండల మీద మంటలు వేశారు.

మంటలు ఆరకముందే రెడ్మండ్ దొరకి స్థిమితం పోయింది.

ఆయనది షానన్ నదికి తూర్పున పెద్ద కోట, పాత వంశం. యుద్ధంలో ఓడిన పక్షమని, ఆ తల తీసిన దొరతనపు సైన్యంవాళ్ళు కోట లాక్కుని, నది దాటి పడమటికి పొమ్మన్నారు. బదులుగా మా ఊళ్ళో ఒక రాతి ఇల్లూ, దాని చుట్టూ పొలమూ రాసిచ్చారు. ఆ పొలంలో ఆయన ఒక్క మొక్క నాటలేదు. కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టించాడు కానీ బాగు చేయించలేదు. "వచ్చే ఏడు ఈపాటికి మన కోటలో ఉంటాం" అనేవాడు. ప్రతి ఏడూ అనేవాడు.

నేను ఆ ఇంట్లో వంట చేసేదాన్ని. నన్ను "ఒసే పిల్లా" అని పిలిచేవాడు. చెడ్డవాడని కాదు. పేరు అడగాలని తోచలేదు, అంతే.

ఆ ఇల్లు మాది. నేను పుట్టింది అందులోనే. దొరగారికి రాసివ్వడానికి మమ్మల్ని ఖాళీ చేయించారు. కాగితంలో మాత్రం ఎవరూ లేని ఇల్లని రాసుకున్నారట. మేం బురదనేల అంచున పాక వేసుకున్నాం. నేను వంటకి కుదిరింది జీతం కోసం కాదు. పొద్దున్నే ఒకసారి ఆ గడప లోపల కాలు పెట్టొచ్చని.

కొల్మన్ సన్యాసి ఆ దొరకి చిన్నప్పుడు చదువు చెప్పిన గురువు. మఠం పడగొట్టాక శిష్యుడి వెనకే కాలినడకన వచ్చి, మా ఊరి చివర గొర్రెల కొట్టంలో ఉండేవారు. వాన వెలిసిన ఒక పొద్దున ఆయన వస్తే, దొరగారు కూర్చోమనడం కూడా మరిచిపోయాడు.

"గురువుగారూ, డబ్లిన్‌లో భూముల న్యాయస్థానం పెట్టారు. ఆస్తులు పోయినవాళ్ళంతా వెళ్తున్నారు."

"నువ్వూ వెళ్ళు నాయనా."

"ఊరికే వెళితే వాకిట్లోనే ఆపేస్తారండి. రాజుగారు ఒకే దుప్పటి ముగ్గురికి ఇస్తానన్నాడు. మా బోటి పాత దొరలకి, లాక్కున్న సైనికులకి, పరాయి దేశంలో తన వెంట తిరిగినవాళ్ళకి. లోపల మన మాట చెప్పేవాడు ఒకడుండాలి."

"ఉన్నాడా?"

"కెప్టెన్ బాల్డాక్."

"ఆయన మొన్నటిదాకా అవతలి పక్షం కదయ్యా?"

"రాజు ఓడ దిగిన రోజున టోపీలో ఈక మార్చాడు. ఇప్పుడు న్యాయస్థానంలో అందరికీ చుట్టమే."

గురువుగారు నవ్వారు. "మరి నీకోసం ఊరికే నోరు విప్పుతాడా?"

దొరగారు గోడకేసి చూశాడు. "ఈ ఇల్లు అడిగాడు. రేపు వస్తున్నాడు. మీరు సరేనంటే ఇచ్చేస్తాను. కోట చేతికొస్తే ఇక దీంతో నాకేం పని?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. దొరగారు ఉన్నన్నాళ్ళూ, ఎప్పటికో ఒకప్పటికి వెళ్ళిపోతాడు కదా అన్న ఆశ ఉండేది. బాల్డాక్ లాంటివాడు వస్తే ఇక వెళ్ళడు.

గురువుగారు నా వైపు చూడలేదు. "నీ కోట నీదేనని అక్కడ ఏం చెప్తావు?" అని అడిగారు.

దొరగారి మెడ నిటారుగా లేచింది. "మన దేశంలో భూమి చేతులు మారాలంటే, యజమాని తన గుమ్మం ముందు గడ్డిపెళ్ళ తవ్వాలి. అక్కడి చెట్టు రెమ్మ అందులో గుచ్చాలి. పుచ్చుకునేవాడి చేతిలో పెట్టాలి. మా నాన్న ఎవరి చేతిలోనూ పెట్టలేదు. పెట్టకుండానే పోయాడు. ఇప్పుడు అందులో ఉన్నవాడు కాగితం మీద కూర్చున్నాడు, భూమి మీద కాదు."

"బాగా చెప్పావు. రేపు బాల్డాక్‌కి ఇచ్చేటప్పుడు కూడా అలాగే ఇవ్వాలిగా?"

"ఇవ్వాలి."

"ఎప్పుడూ ఇచ్చిన చెయ్యి కాదు నీది. ఒకసారి చేసి చూపించు."

ఇద్దరూ బయటికి నడిచారు. "పిల్లా, నువ్వూ రామ్మా" అన్నారు గురువుగారు.

దొరగారికి పార పట్టుకోవడం రాలేదు. అదిమి అదిమి తవ్వుతుంటే, "కోటకి పునాది తీస్తున్నావా నాయనా? పెళ్ళ చాలు" అన్నారు గురువుగారు. చివరికి తడి గడ్డితో చదరంగా ఒక పెళ్ళ లేచింది. పక్కనున్న ముళ్ళపొదలోంచి రెమ్మ తుంచి అందులో గుచ్చాడు. రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆ క్షణం నిజంగా దొరలాగే ఉన్నాడు.

"బాగుంది. మరి ఇది నీకు ఎవరిచ్చారు?" అన్నారు గురువుగారు.

"నాకు కాగితం..." అని దొరగారు ఆగిపోయాడు.

గురువుగారు ఆ పెళ్ళ ఆయన చేతుల్లోంచి తీసుకుని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. మళ్ళీ శిష్యుడి వైపు తిరిగారు.

"చేతులు చాపు. ముందు ఈ పిల్ల నీకిస్తుంది. ఆపైన నువ్వు ఎవరికైనా ఇచ్చుకో."

చిన్నప్పటి అలవాటు కొద్దీ దొరగారు చేతులు చాపాడు.

పెళ్ళ బరువుగా ఉంది. నీళ్ళు నా మోచేతుల దాకా కారుతున్నాయి. మా వాకిలి వాసన వేసింది. ఇవ్వడానికి నా చేతులు కదల్లేదు. అలా నిలబడ్డాను.

అప్పుడు ఆయన నా మొహం చూశాడు. మొదటిసారి అనుకుంటాను.

"నీ పేరేమిటి?"

"నూలా అండి."

"ఇది మీ ఇల్లా?"

"తలుపు వెనక కొయ్యమేకు ఉంది కదండీ, మీరు టోపీ తగిలిస్తారు. మా నాన్న కొట్టాడు దాన్ని."

"ఆయనేడి?"

"పాకలో మొదటి చలికాలం దాటలేదండి."

చాపిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. వాటికి మన్ను అంటి ఉంది. కోటుకి తుడుచుకున్నాడు.

గురువుగారు ఓ పక్కన కూర్చుని పార కడుగుతున్నారు.

నేను పెళ్ళని ఆ గుంటలోనే పెట్టి పాదంతో అదిమాను.

మర్నాడు కెప్టెన్ వస్తే దొరగారు దారిలోనే ఎదురెళ్ళి వెనక్కి పంపేశాడు. ఆ వారమే ఒంటరిగా, ఎవరి సిఫారసూ లేకుండా డబ్లిన్ వెళ్ళాడు. నాతో ఏమీ చెప్పలేదు. "మీ అమ్మని తీసుకురా, పొయ్యి చల్లారనివ్వొద్దు" అని గురువుగారే చెప్పారు. అమ్మ వచ్చి పొయ్యి రాయిని అరచేత్తో తడిమి, అక్కడే కూర్చుండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. తలుపు వెనక మేకు మాత్రం ఖాళీగా ఉంచాను. మా ఆయన టోపీ కూడా తగిలించనిచ్చేదాన్ని కాదు. "ఏమే, రాజుగారు వస్తాడనా?" అని వేళాకోళం చేసేవాడు. ఎందుకు ఉంచానంటే నాకూ తెలియదు. కోట కోసం ఎదురుచూసినవాడి చూపు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుసు?

ఒక సాయంత్రం గురువుగారు పొయ్యి ముందు బూడిద పరిచి, ఆ వయసులో నాకు అక్షరాలు దిద్దిస్తున్నారు. బయట సన్నటి వాన. గుమ్మం అవతల ఎవరో నిలబడ్డారు.

రెడ్మండ్ దొర. జుట్టు నెరిసిపోయింది. ఆయన పేరు పిలవకముందే న్యాయస్థానం మూసేశారట. మర్నాడు పొద్దున్నే గాల్వే రేవులో ఓడెక్కి స్పెయిన్ వెళ్తున్నాడట. ఆ కబురు కూడా తర్వాత ఊళ్ళోవాళ్ళు చెప్తే తెలిసింది. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని, పెట్టింది తిని, అక్కడే పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

నాతో ఆయన అన్న ఆఖరి మాట, గడప బయట అన్నదే. గడ్డిపెళ్ళ తవ్వినచోట మళ్ళీ పచ్చగా అతుక్కుపోయింది. దాని మీద అడుగు పడకుండా పక్కనుంచి వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. దాని అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపల గురువుగారు తల ఎత్తి చూసి, పొయ్యి దగ్గర కాస్త చోటిచ్చి జరిగారు.

"నూలమ్మగారూ, టోపీ ఎక్కడ పెట్టుకోమంటారు?"