సూరమ్మ వెనక గుమ్మం

ఇందులో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పానేమోనని నాకే అనుమానం. సూరమ్మ పడ్డ భయం మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

కొండ కింద జీడితోటలో సూరమ్మ అనే కుందేలు ఉండేది. దసరా ముందు కురిసిన వానలకి ఆమె బొరియ వెనక గుమ్మం కూలిపోయింది. మళ్ళీ తవ్వుకుందామంటే కాలు బెణికి ఉంది. లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లలు.

దసరాకి కలిగినవాళ్ళు లేనివాళ్ళకి తిండి పంపడం ఆ తోటలో ఆనవాయితీ. ఆ ఏడు పంపకం పని కనకయ్య అనే నక్క తన నెత్తిన వేసుకున్నాడు. మీరు హాయిగా పండగ చేసుకోండి, గడపగడపకీ తిరిగే శ్రమ నాది అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకుని మూటలు తెచ్చి అతని ముందు పడేశారు. ఇవ్వనివాడు ఏదుపంది బుడ్డయ్య ఒక్కడే. పిసినారి ముళ్ళమూట అని ఉడుతలు నవ్వుకున్నాయి.

పంచేముందు కనకయ్య ఇల్లిల్లూ తిరిగి కష్టసుఖాలు కనుక్కున్నాడు. సూరమ్మ గుమ్మం ముందూ చతికిలబడ్డాడు.

"ఏం వదినా, ఒక్కదానివేనా? కాలెలా ఉంది?"

ఈమధ్య అంత ఆప్యాయంగా పలకరించినవాళ్ళు లేరు. సూరమ్మ కరిగిపోయి అంతా చెప్పేసింది. కాలు సంగతి, పిల్లల సంగతి, కూలిన వెనక గుమ్మం సంగతి.

"అయ్యో, అయితే రావాలన్నా పోవాలన్నా ఇదొక్కటే దారన్నమాట," అన్నాడు కనకయ్య. "సాయంత్రం తిండి తెస్తాను. ఎక్కడికీ వెళ్ళకేం."

అతను కనుమరుగయ్యాక సూరమ్మకి ఒకటి తట్టింది. ఏం తింటావని అతను అడగనే లేదు.

ఆరా తీసిందల్లా కాలు గురించీ, దారి గురించీనే. పారిపోదామంటే పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని వెళ్ళాలి. ఒకర్ని దాచి వచ్చేలోపు మిగతావాళ్ళ గతేమిటి? ఎవరికైనా చెబుదామంటే, పండక్కి అన్నం పెట్టేవాణ్ణి అనుమానిస్తావా అని తననే తిడతారు.

పొద్దు వాలుతుండగా గుమ్మం దగ్గర మట్టి రాలింది. సూరమ్మ పిల్లలకి అడ్డంగా నిలబడింది. వచ్చింది బుడ్డయ్య, నోట్లో దుంపతో.

"నా దుంప ఆ నక్క పాలు చేయడం ఎందుకని నేనే తెచ్చాను. తిని పడుకో," అని గొణిగాడు.

సూరమ్మ సిగ్గు విడిచి అడిగేసింది. "దుంప వద్దు మామా. వెనక గుమ్మం తవ్విపెట్టు."

"పండగపూట మట్టిపనా? ఈ అవతారంతో వెళితే మీ అత్త నన్ను గడప తొక్కనిస్తుందా?"

అంటూనే ఆమె చెవుల వైపు చూశాడు. అవి గాలి లేకుండానే వణుకుతున్నాయి. ఇంకేమీ అడగకుండా లోపలికి దూరి తవ్వడం మొదలుపెట్టాడు.

తవ్వుతున్న దారి అవతలికి తేలి వెలుతురు ఇంకా పడనేలేదు, ముందు గుమ్మం బయట అడుగుల చప్పుడైంది. సూరమ్మ పిల్లల్ని బుడ్డయ్య పొట్ట కిందుగా అవతలికి నెట్టి, తానూ అటే దూరింది. ఎదుట మట్టి, వెనక నక్క, మధ్యన బుడ్డయ్య.

"వదినా, పండగ తిండి తెచ్చాను."

నక్క వాసన లోపలికి వచ్చింది. చీకట్లో మెదిలే ఆకారాన్ని చూసి కనకయ్య నవ్వాడు.

"ఎటు పోతావు? గుమ్మం కూలిందని నువ్వే చెప్పావుగా."

బుడ్డయ్యకి తిరగడానికి చోటు లేదు. ఉన్నచోటే ముళ్ళు విప్పాడు. కనకయ్య నోరు తెరిచి, ఉన్న బలమంతా పెట్టి వాటి మీద పడ్డాడు. ఆ కేకకి తోటంతా బయటికి వచ్చింది. మూతి నిండా ముళ్ళతో నక్క కొండ మీదికి పరుగెత్తాడు.

తోటవాళ్ళు ఇచ్చిన మూటలన్నీ అతని బొరియలోనే దొరికాయి. ఈసారి ఎవరి మూట వాళ్ళే మోసుకుని, ఏం కావాలమ్మా అని అడుగుతూ ఇల్లిల్లూ తిరిగారు.

పండక్కి సాయం చేయదలిస్తే నీ కాళ్ళతో నువ్వే వెళ్ళు, ఏం కావాలో అడిగి అదే చెయ్యి.

అమ్మా హైమా, ఏదుపంది పేరు బుడ్డయ్యేనా, నక్కదేమో కనకయ్యేనా? మీ నాన్నకి చిన్నప్పుడు ఏ పేర్లతో చెప్పానో అడిగి ఒకసారి సరిచూసి పెట్టు.