పైడితల్లి కొంగుకు ఆకారం

“ఆకారమే లేనిదానికి ఆకారం ఎలా చెప్పమంటారు మేడం?” అని హిమజ అడిగింది. అడిగిన తీరు చూస్తే ఆ పిల్ల వారం రోజులుగా సరిగ్గా అన్నం తిన్నట్టు లేదు. నేను మాత్రం నెల అనే చెప్తాను. వారమంటే ఎవరికీ జాలి కలగదు.

విశాఖపట్నంలో కొండమీది ఆ పరిశోధనశాలలో గాజుసామాను కడిగే పని నాది. వకుళ మేడం అక్కడ పెద్ద ఆచార్యురాలు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు, ఏదో ఒక పని చెప్పి పంపేవారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్లకు జవాబు దొరికేదో, ప్రశ్నే మరిచిపోయేవారో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న హిమజ చిక్కు ఇది. మన ఒంట్లో ఒక్కో కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయట. నేను కోట్లని విన్నాను, కోట్లే అనుకుందాం. చాలావాటికి గరిటెకో కత్తెరకో ఉన్నట్టు ఒక కచ్చితమైన ఆకారం ఉంటుంది. ఈ పిల్ల చేతికి చిక్కినదానికి మాత్రం అదేమీ లేదు. క్షణానికో తీరున వంగుతుంది, సాగుతుంది, ఎదురైనదాన్నల్లా చుట్టుకుని వదిలేస్తుంది. బతికున్న కణంలో దాన్ని వెలిగించి చూస్తే సూక్ష్మదర్శినిలో పలచని పొగమంచు. అదే కణం మీద ఫార్మలిన్ అనే మందు పోసి, ఎక్కడిదక్కడ బిగదీసి చూస్తే ముత్యాల్లాంటి గుండ్రటి చుక్కలు. సోమవారానికి కమిటీకి నివేదిక పంపాలి. బొమ్మ బాగుంటే ఇంకో ఏడాది గడువు. లేకపోతే ఐదేళ్ల చదువు మూటగట్టుకుని ఇంటికి.

“చుక్కల బొమ్మలు పంపితే గట్టెక్కుతాను. కానీ ఆ చుక్కలు కణంలో ఉన్నాయో, నేను పోసిన మందుకి పుట్టాయో తెలియడం లేదు,” అంది.

మేడం కళ్లద్దాలు తుడుచుకున్నారు. “క్యాంటీన్‌కి వెళ్లి పైడితల్లి చీరకొంగు ఏ ఆకారంలో ఉందో గీసుకుని రా.”

“చీరకొంగా మేడం?”

“అదే.”

పైడితల్లి మా క్యాంటీన్‌లో వంటమనిషి. హిమజ నోటుపుస్తకం పట్టుకుని పొయ్యికి ఎదురుగా స్టూలు వేసుకుంది. కడగాల్సిన సీసాలు పదివేలున్నా నేనూ వెనకాలే వెళ్లాను. మొదటి గీత గీసేసరికి కొంగు నడుము చుట్టూ బిగించి దోపి ఉంది. రెండో గీతకి అది మడతపడి వేడి ఇడ్లీపాత్ర మూత ఎత్తుతోంది. ఆ మడత గీద్దామనుకునేలోపు విప్పుకుని మెడమీది చెమట తుడిచింది, ఒళ్లో సంచిలా మారి చిక్కుడుకాయలు మోసింది, ఒక్క దులుపు దులిపితే ఈగల్ని తోలింది. హిమజ గీయడం, కొట్టెయ్యడం. అలా పద్దెనిమిది పేజీలు పోయాయి. నా లెక్కకి వంద.

“ఏటమ్మా, నా కొంగుకేటైంది? మరకా?” అంది పైడితల్లి.

“మరక కాదక్కా. దాని ఆకారం కావాలి. మేడం అడిగారు.”

“కొంగుకి ఆకారవేటి? కొంగు కొంగులాగే ఉంటాది.”

“నేనూ ఐదేళ్లుగా అక్కడే ఆగిపోయాను,” అని హిమజ పెన్సిలు చెక్కుకుంది. మొన పదునయ్యాక, “రెండు నిమిషాలు కదలకుండా నిలబడతావా అక్కా? చేతులు కిందికి దించేసి,” అంది.

మేడం పేరు విన్నాక పైడితల్లి కాదనలేదు. పొయ్యి పక్కన చేతులు దించి నిలబడింది. కొంగు భుజం మీంచి వెనక్కి జారి తిన్నగా వేలాడింది. రెండు మూలలు, ఎర్రంచు, మూరన్నర పొడవు, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. హిమజ మొహంలో ఐదేళ్లకి మొదటిసారి వెలుగొచ్చింది.

అప్పుడే పొయ్యిమీద పాలు పొంగాయి. పైడితల్లి చెయ్యి కొంగువైపు లేచి, మధ్యలో ఆగిపోయింది. “ఒక్క గీత, ఇంకొక్క గీత,” అంటోంది హిమజ, తల ఎత్తకుండా. మంట ఆరిపోయింది. పాలు గట్టు దిగి, నేల పట్టుకుని, బీచ్ రోడ్డు దాకా పోయాయని నేను అందరికీ చెప్తుంటాను. గుమ్మం దాకా పోయిన మాట మాత్రం ఒట్టు.

“అయ్యో, దించలేదేం అక్కా?”

“కొంగు పట్టుకోకుండా మరిగే గిన్నె ఎలా దించుతానమ్మా? కదలొద్దన్నావు కదా, బొమ్మలా నిలబడిపోనాను.”

మాడిన వాసనకి మేడం వచ్చారు. హిమజ ఆవిడ ముందు కొట్టేసిన పేజీలన్నీ పెట్టింది, పైన ఆ చివరి బొమ్మ పెట్టింది. “కదలనిస్తే బొమ్మ రావడం లేదు. కదలొద్దంటే…” అని నేలమీది పాలవంక చూసింది. “వచ్చినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ అయోమయంగా ఉంది మేడం. సోమవారం నన్ను ఏం పంపమంటారు?”

అడిగింది కొంగు సంగతో చుక్కల సంగతో నాకు అంతుబట్టలేదు. ఆ పిల్లకీ అంతుబట్టినట్టు లేదు.

మేడం కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని పాలమడుగు దాటి కిటికీ దగ్గరికి వెళ్లారు. చివరి బొమ్మను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

“బొమ్మ బాగుంది, పంపు,” అన్నారు. “పాలు ఎటు పోయాయో కూడా దాని కింద రాయి.”