ఏ కారుకీ కాని చక్రం

గోవర్ధనం గురువుగారి దగ్గరకు వెళ్ళిన సాయంత్రం అతని చొక్కా గుండీలు ఒకటి తప్పి ఇంకో కాజాలో పెట్టి ఉన్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు చూశారు గానీ ఎవరూ చెప్పలేదు. ఆ ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు.

అతనికి ఒక అన్న ఉన్నాడు. పేరు కోటిలింగం. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది ఆయనే. పెళ్ళి ఊసెత్తితే ముందు వీడు ఒక దారిన పడనీ అనేవాడు. అలా అంటూనే వయసు దాటిపోయింది. ఇప్పుడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప మంచం మీద పక్కకి కూడా తిరగలేడు. ఇంట్లో ఈ ఇద్దరే. మూడో మనిషి లేడు.

పొద్దున్నే అన్నకి ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి, జావ తాగించి, గోవర్ధనం మందుల షాపుకి పరుగెత్తేవాడు. అక్కడ రోజంతా నిలబడే ఉండాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం మెత్తగా కలిపి పెట్టి మళ్ళీ షాపుకి. చీకటిపడే వేళకి తిరిగొస్తే పొద్దుటి పనులన్నీ మళ్ళీ మొదటికి వచ్చేవి. ఏళ్ళ తరబడి ఇదే. విసుక్కోవడానికి కూడా ఓపిక చాలని స్థితికి వచ్చాడు.

ఆ షాపు రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. కార్లు వచ్చి ఆగితే కౌంటరు వెనక ఉన్నవాడికి దిగే మనుషుల కంటే ముందు చక్రాలు కనబడతాయి. కొన్నిటికి అయిదు స్పోకులు, కొన్నిటికి పువ్వులా విచ్చుకున్న రేకులు, కొన్నిటికి చీలిపోయి జంటగా నడిచే ఊచలు. గోవర్ధనం వాటినే చూసేవాడు. కారు మీద అతనికి ఆశ లేదు. ఇది ఎలా గీసి ఉంటారు అన్న ఆలోచన మాత్రం వదిలేది కాదు.

ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి తెచ్చుకున్నాడు. నేర్చుకునేవాళ్ళకి ఊరికే దొరికే డిజైన్ సాఫ్ట్‌వేర్ అందులో పెట్టుకుని, వీడియోలు చూస్తూ చక్రాలు తయారుచేయడం మొదలెట్టాడు. రిమ్ము అంచు ఆకారం ఒకటి గీసి, దాన్ని చుట్టూ తిప్పితే రిమ్ము వచ్చేస్తుంది. ఒక్క స్పోకు శ్రద్ధగా చేస్తే మిగతావి సాఫ్ట్‌వేరే చుట్టూ వేసిపెడుతుంది. అసలు తంటా అంతా ఆ ఒక్క స్పోకు దగ్గరే. అది రిమ్ములో కలిసేచోట అంచు నున్నగా వంపు తిరగాలి. కొలత ఏ కాస్త కుదరకపోయినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఎర్ర గుర్తు చూపించి అక్కడే ఆగిపోతుంది. గోవర్ధనం ఓపిగ్గా వెనక్కి వెళ్ళి మళ్ళీ గీసేవాడు. ఆ కాసేపూ అతను దేన్నీ తలుచుకునేవాడు కాదు.

చిక్కు వచ్చిందీ అక్కడే. సామర్లకోటలో రైల్వే గేటు అవతల వీధిలో ఉండే లక్ష్మణదాసుగారు అతని గురువు. అచల బోధ అనే తత్త్వం చెప్పే పెద్దాయన. ఉపదేశం ఇచ్చేటప్పుడు, రోజూ సాయంత్రం ఓ అరగంట ఊరికే కూర్చో నాయనా, ఇంకేం చెయ్యక్కర్లేదు అని చెప్పారు. గోవర్ధనానికి రోజు మొత్తంలో దొరికేది ఆ అరగంటే. అందులోనే చక్రాలు చేసుకునేవాడు. గురువుగారు అడిగినప్పుడల్లా కూర్చుంటున్నానండి అనేవాడు.

ఒక సాయంత్రం అలా ఒక వంపు దగ్గర తలమునకలై ఉన్నప్పుడు లోపలి గదిలోంచి అన్న పిలిచాడు. వస్తున్నా అన్నాడు. ఇంకోసారి పిలిచాడు. దానికి బదులు చెప్పలేదు. ఆ తర్వాత పిలుపు ఆగిపోయింది. గోవర్ధనం వెళ్ళేసరికి పక్క తడిసిపోయి ఉంది. కోటిలింగం గోడవైపు ముఖం పెట్టుకుని ఉన్నాడు. బట్టలు మారుస్తున్నంతసేపూ ఒక్క మాట అనలేదు. ఒకప్పుడు బస్సంతా దద్దరిల్లేలా కేకలు వేసిన మనిషి.

ఆ రాత్రి నుంచి గోవర్ధనానికి అన్నం సయించలేదు.

గురువుగారి అరుగు మీద మిగతావాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆగి ఇదంతా చెప్పాడు. కూర్చోమన్న వేళలో చక్రాలు చేసుకుంటున్న సంగతి, అబద్ధం చెప్పిన సంగతి, పక్క తడిసిన సంగతి. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"వినబడలేదని అన్నయ్య అనుకుంటున్నాడండి. వినబడింది. వినబడే లేవలేదు."



కంప్యూటరు ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు గోవర్ధనం. తనంతట తాను మానలేనని తెలుసు కాబట్టి గురువుగారే మాట తీసుకోవాలన్నాడు. మీ ఎదుట మాట ఇస్తే తప్పలేనండి అన్నాడు.

గురువుగారు అతని చొక్కా దగ్గరకు లాక్కుని గుండీలు విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టారు. తర్వాత ఆదివారం షాపు ఉంటుందా అని అడిగారు. ఉండదన్నాడు. అయితే భోంచేసి మీ ఇంటికి వస్తానన్నారు.

ఆదివారం నాటికి గోవర్ధనం కంప్యూటరు విప్పి అట్టపెట్టెలో సర్ది, పైన తాడు కట్టి, గుమ్మం పక్కన పెట్టాడు. గురువుగారు తీసుకెళ్ళిపోయినా సరే, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నా సరే, అందుకు సిద్ధంగానే ఉన్నాడు. ఆ పెట్టె కట్టాక మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. వారమంతా ఆ అరగంట వేళకి ఏం చెయ్యాలో తోచక, వంటింట్లో గిన్నెలు తోమినవే తోముతూ గడిపాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష్మణదాసుగారు గొడుగు వేసుకుని నడుచుకుంటూ వచ్చారు. మంచినీళ్ళు తాగి, లోపలికి వెళ్ళి కోటిలింగాన్ని పలకరించారు. కోటిలింగానికి గురువులంటే ముందునుంచీ పెద్దగా గురి లేదు. తల ఊపి ఊరుకున్నాడు. ఆయన మళ్ళీ ముందుగదిలోకి వచ్చి పెట్టె వైపు చూశారు.

"అదేనా?"

"అదేనండి."

"విప్పు. చూస్తాను."

గోవర్ధనానికి ఏం అర్థం కాలేదు. తాడు విప్పాడు. వైర్లు ఒక్కొక్కటీ తగిలిస్తుంటే గురువుగారు వంగి, చిక్కుపడిన వైరు విడదీసి అందించారు. తెర వెలిగింది. సగంలో ఆగిపోయిన చక్రం అందులో కనబడింది. రిమ్ము పూర్తయింది. ఒక్క స్పోకే ఉంది, అదీ చివర అతకకుండా.

ఆయన కుర్చీ దగ్గరకి జరుపుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఏ కారుకి?"

"ఏ కారుకీ కాదండి."

"చేయిస్తావా దీన్ని?"

"లేదండి. ఇందులోనే ఉంటుంది."

"ఎవరికైనా చూపించావా?"

"ఎవరున్నారండి చూపించడానికి."

గురువుగారు ఊఁ అన్నారు. అప్పుడే లోపల్నుంచి కోటిలింగం పిలిచాడు. గోవర్ధనం ఉలిక్కిపడి లేచాడు. భుజం మీద చెయ్యి పడింది. ముసలిచెయ్యే గానీ బరువుగా ఉంది. గోవర్ధనం కూర్చుండిపోయాడు.

"నువ్వు ఇది పూర్తిచెయ్యి" అని, గురువుగారు తువ్వాలు నడుముకి చుట్టుకుని లోపలికి వెళ్ళారు.

గోవర్ధనం చెయ్యి మౌసు మీద ఉంది గానీ ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది. మీరెందుకండీ, వాణ్ణి పిలవండి అని అన్న గొణగడం వినబడింది. వాడికి పనుంది అని గురువుగారు అనడం వినబడింది. తర్వాత బకెట్టు ఈడ్చిన చప్పుడు. దేన్నో తన్నుకుని ఆయన అబ్బా అన్నారు. ఊరంతా కాళ్ళకి దండం పెట్టే మనిషి తన ఇంట్లో, తన అన్న కింద గుడ్డలు తీస్తున్నాడు. గోవర్ధనం ఇక ఉండలేకపోయాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

గురువుగారు తల తిప్పి చూశారు. నుదుటి మీద చెమట పట్టింది.

"అయిపోయిందా?"

"లేదండి."

"మరెందుకొచ్చావు?"

తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. మొదట ఏదీ కనబడలేదు. గీసింది చెరిపాడు, చెరిపింది గీశాడు. ఎర్ర గుర్తు వస్తూనే ఉంది. లోపల నీళ్ళు పోసిన చప్పుడు, మధ్యలో కోటిలింగం విసుగు, గురువుగారి సమాధానం. అలా కాదండీ, ఈ చెయ్యి ముందు తీయాలి అని అన్న చెబుతున్నాడు. సరే సరే అని ఆయన అంటున్నారు. ఆ మాటలు క్రమంగా దూరమయ్యాయి. వంపుని అంచు దగ్గర మొదలెట్టకుండా కాస్త లోపలినుంచి మొదలెడితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన వచ్చింది. ప్రయత్నించాడు. కుదరలేదు. ఇంకొంచెం లోపలికి జరిపాడు.

ఎప్పుడు ఎండ దిగిందో, కిటికీ నీడ గోడ మీదకి ఎప్పుడు పాకిందో అతనికి తెలియదు. ఒకసారి మాత్రం ఎర్ర గుర్తు రాలేదు. స్పోకు రిమ్ములోకి నీళ్ళు జారినట్టు జారి కలిసిపోయింది. గోవర్ధనం ఊపిరి వదిలాడు. మిగతా స్పోకులు చుట్టూ నింపాడు. నిండు చక్రం తెరమీద నిలబడింది. దాన్ని మెల్లగా తిప్పుతూ చూశాడు. ముఖంలో ఏదో సడలింది.

అప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉందని గమనించాడు. గాభరాగా లేచి లోపలికి వెళ్ళాడు.

గచ్చంతా నీళ్ళే. పక్కబట్టలు మార్చి ఉన్నాయి గానీ దుప్పటి ఒకవైపు నేలకి వేలాడుతోంది. గిన్నె చుట్టూ జావ ఒలికింది. కోటిలింగం దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన గడ్డం ఒకవైపు గీసి ఉంది, రెండోవైపు అలాగే ఉంది. ఆ సగం ముఖంలోనే నవ్వు లాంటిదేదో ఉంది.

"మీ గురువుగారికి చెయ్యి వణుకుతోందిరా. సగంలో నేనే ఆపెయ్యమన్నాను" అన్నాడు ముద్దమాటల్లో.

లక్ష్మణదాసుగారు మంచం పక్కన, గోడకి చేరగిలబడి నేలమీద కూర్చుని ఉన్నారు. పంచె మోకాళ్ళ దాకా తడిసింది. కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన్ని అంత ముసలివాడిగా గోవర్ధనం ఎప్పుడూ చూడలేదు.

చప్పుడుకి ఆయన కళ్ళు తెరిచారు. గోవర్ధనం ఎదురుగా తడిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంక చాలు గురువుగారూ, మాట తీసుకోండి అని కుడిచెయ్యి చాపాడు.

లక్ష్మణదాసుగారు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పట్టుకుని, దాని మీద బరువు వేసి, మూలుగుతూ మెల్లగా పైకి లేచారు. నిలదొక్కుకునేదాకా వదల్లేదు. తర్వాత రెండో చేత్తో నడుం రుద్దుకున్నారు.

"ఒక్క పూటకే నా పని ఇలా అయింది నాయనా. ఏదీ, ఆ చక్రం నాకూ ఓసారి చూపించు."