మత్తడి పటేల్

మా చెరువు దగ్గర గాలం వేసేవాళ్లలో రెండు మతాలున్నాయి. ఒకటి రాజలింగు మతం. చేప ఎంతదైనా సరే, సాయంత్రానికి బకెట్టు నిండాలి. రెండోది చక్రధర్ మతం. పడితే ఒక్కటే పడాలి, దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటో దిగితే వెనక మనిషి మొహం కనిపించకూడదు.

నాది మూడో మతం. ఏమీ పట్టనివాళ్లది. దాని స్థాపకుణ్ని నేనే, భక్తుణ్ని కూడా నేనే.

నా పేరు ఓదెలు. బస్టాండు పక్క సందులో లేడీస్ టైలర్ని. వారమంతా నేను ఊళ్లోవాళ్ల కొలతలు తీస్తాను. ఆదివారం చెరువు నా కొలత తీస్తుంది.

చెరువు కట్ట మొదట్లో నర్సవ్వ హోటలుంది. లోపల టీ పొయ్యి వెనక గోడంతా ఫోటోలే. ఎవరికి పెద్ద చేప పడితే వాళ్ల ఫోటో అక్కడ అంటిస్తారు. చక్రధర్‌వి వరసగా ఉంటాయి. చేపలు తేడాగా ఉంటాయి గానీ చక్రధర్ అన్నిట్లో ఒకేలా ఉంటాడు. వాటిలో ఒకదాంట్లో, చేప తోక అవతల, ఒక మోచేయి ఉంటుంది. అది నాదేనని నర్సవ్వకు ఎంత చెప్పినా నమ్మదు.

"చేప పడితే మోచెయ్యెందుకు, మొకమే వస్తది గద" అంటుంది.

ఆ గోడ మీద ఒక్కసారి నా మొహం ఉండాలి. అప్పట్లో నాకు వేరే కోరికంటూ లేదు. జాకెట్టు చేతులు కత్తిరిస్తున్నప్పుడు కూడా అదే ధ్యాస. దానివల్ల కొందరు ఆడవాళ్లు ఆ ఏడాది పొట్టి చేతుల ఫ్యాషన్లోకి వచ్చారు.

అయితే ముందు ఏ మతంలో చేరాలో తేలాలి కదా. రాజలింగూ చక్రధరూ ఆదివారమంతా దాని మీదే కొట్లాడుకునేవాళ్లు. పరిగె పిల్లలు పట్టేవాడూ ఒక మనిషేనా అని చక్రధర్. ఒక్క చేప కోసం నెలంతా కూర్చునేవాడికి ఇంట్లో కూర ఎవరు పెడతారు అని రాజలింగు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించేది. ఇద్దరికీ తలాడించి, ఇద్దరి దగ్గరా బీడీ తీసుకునేవాణ్ని.

చివరికి లతీఫ్ చాచా దగ్గరికి వెళ్లాను.

చెరువు కట్ట మీద చిన్న దర్గా ఉంది. చాచా అక్కడ ఊడ్చి, నీళ్లు చల్లి, ఊదు వేస్తాడు. మిగతా పొద్దంతా వెదురు గాలం పట్టుకుని నీటి దగ్గర కూర్చుంటాడు. ఆయనకు ఎన్ని చేపలు పడేవో ఎవరూ చూడలేదు. పడినా అడిగినవాళ్లకు ఇచ్చేసేవాడు. మేం ముగ్గురం ఆయన శిష్యులం. ఆ సంగతి ఆయనకు తెలియదు.

శనివారం సాయంత్రం నేను వెళ్లేసరికి వాకిలి ఊడుస్తున్నాడు.

"చాచా, ఒక మాట అడగాలె."

"అడుగు."

"ఎన్నో చేపలు పట్టుడు గొప్పనా, ఒక్క పెద్ద చేప పట్టుడు గొప్పనా?"

"నీకేం పట్టింది?"

"జలుబు."

చాచా నవ్వలేదు. చీపురు ఆపలేదు కూడా. నేను ఇంకొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పాను. "చాచా, నాకు పటేల్ కనబడ్డడు."

చీపురు ఆగింది.

పటేల్ అంటే మనిషి కాదు. మా చెరువులో ముసలి కొర్రమట్ట. మత్తడి దగ్గర, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే ఆ రాతి గోడ పక్కన తిరుగుతుందని అనేవాళ్లు. చక్రధర్ గాలం తీగలు రెండుమూడు తెంపింది. కొన్ని వారాలుగా కప్పను వేసినా, వానపామును వేసినా ముట్టడం లేదు. చచ్చిపోయిందని రాజలింగు, అలిగిందని చక్రధర్ అనుకుంటున్నారు.

"ఏడ చూసినవ్?"

"మత్తడి అవతల, తుంగ మొలిచిన మూల. జాకెట్లు ఇచ్చొద్దామని పోతుంటే కనబడ్డది. ఆడ నీళ్లు ఎర్రగున్నయ్ చాచా. ఉడుకుతున్నట్టు కదులుతున్నయ్. దాని కిందికెల్లి లేచింది. తొడంత లావుంది."

"ఎర్రగున్నయా?"

"కుంకుమ పోసినట్టు."

చాచా చీపురు గోడకు ఆనించాడు. "చక్రధర్‌కు చెప్పినవా?"

"నాకేమన్న పిచ్చా?"

"రేపు పొద్దుగాల రా. ఆళ్లకన్న ముందు రా. కప్పల్ని తేకు."

పెద్ద చేపకు వెళ్తూ కప్పను తేవద్దంటే ఎలా? గురువులు శిష్యుల్ని అలాగే పరీక్షిస్తారని ఎక్కడో విన్నాను. అందుకని ఒక మంచి కప్పను డబ్బాలో వేసుకుని, మూతకు చిల్లులు పెట్టి, పొద్దున్నే బయల్దేరాను. జేబులో కత్తెర ఉండనే ఉంది. అది లేకుండా నేను స్నానానికి కూడా వెళ్లను.

చాచా అప్పటికే మత్తడి దాటి తుంగ దగ్గర కూర్చుని ఉన్నాడు. నా చేతిలో డబ్బా తీసుకుని, మూత తీసి, కప్పను గడ్డిలోకి వదిలేశాడు. తర్వాత నా గాలం కర్ర అందుకుని, "కత్తెర ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆయన ముల్లుకు పైన తీగ కత్తిరించి, ముల్లును నా అరచేతిలో పెట్టాడు.

"చాచా! ముల్లు లేకుంటే చేపెట్ల పడ్తది?"

"బట్ట పీలిక ఉందా?"

టైలర్ని పీలిక ఉందా అని అడగడమేమిటి. జేబులోంచి ఎర్ర జాకెట్టు ముక్క తీశాను. ఆయన దాన్ని తీగ చివర ముడేసి, కర్ర నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు ఎయ్యి. ముందు అటు ఎయ్యి, ఖాళీ నీళ్లల్ల."

వేశాను. పీలిక తడిసి మునిగింది. ఏమీ కాలేదు. లాగి మళ్లీ వేశాను. ఏమీ కాలేదు. ఇది నాకు బాగా అలవాటైన భాగం, అందుకని ఏ ఇబ్బందీ పడలేదు.

అప్పుడు తుంగ పక్కన నీళ్లు ఎర్రబడ్డాయి.

మొదట ఒక చుక్క. తర్వాత ఒక చాటంత. చెరువంతా నిశ్చలంగా ఉండి, అక్కడొక్కచోటే వాన చినుకులు పడుతున్నట్టు. ఇంకొంచెం వంగి చూశాను. అవి నీళ్లు కావు. పిల్లలు. పెసర గింజలకన్నా కాస్త పొడుగు, ఎర్రటి చేపపిల్లలు. వందలో, వేలో. అన్నీ ఒకేసారి పైకొచ్చి ఇంత గాలి మింగి, ఒకేసారి కిందికి పోతున్నాయి. మళ్లీ వస్తున్నాయి.

నేను నోరు తెరిచి చూస్తుంటే చాచా మెల్లగా అన్నాడు. "దాని పక్కన ఎయ్యి. మీద కాదు, పక్కన."

వేశాను.

నీళ్లు పగిలాయి. చెరువులో అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. కర్ర చేతిలోంచి పోబోయింది. నల్లటి వీపు ఒకటి వంపు తిరిగి, నా ఎర్ర పీలికను కొట్టి, నమిలి, ఉమ్మేసి మునిగిపోయింది.

"పటేల్!" అన్నాను. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "చాచా, ముట్టది ముట్టది అన్నరు! ముట్టింది గద! ముల్లుంటే ఈపాటికి..."

"ఇంకోసారి ఎయ్యి."

వేశాను. మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా. ఉమ్మేసి పోయింది.

"ఇంకోసారి."

ఈసారి చెయ్యి కొంచెం ఆగింది. రెండుసార్లు కొట్టి చూసింది కదా, అది బట్ట పీలిక అని దానికి తెలిసే ఉంటుంది. తినేది కాదని తెలిసే ఉంటుంది. అయినా వేశాను. అయినా వచ్చింది.

పీలికను నోట పట్టలేదు. వెంటపడి తరిమింది. నేను లాగుతుంటే దాన్ని తోసుకుంటూ, తోసుకుంటూ, లోతు దాటి, బురద దాటి, మా కాళ్ల దగ్గరికి వచ్చేసింది. అక్కడ నీళ్లు దాని వీపును కూడా కప్పడం లేదు. అక్కడ ఆగింది.

మమ్మల్ని చూస్తూ ఆగింది.

కొర్రమట్టను అంత దగ్గరగా, ప్రాణంతో, నేనెప్పుడూ చూడలేదు. తల పాము తలలా బల్లపరుపుగా ఉంది. పై పెదవికి పాత చీలికలున్నాయి, మానిపోయి గట్టిపడ్డవి. ఎన్ని గాలాలు చీల్చుకుని పోయిందో. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. బాగా అలిసిపోయినట్టుంది. వెనక్కి మళ్లితే లోతు ఉంది. మళ్లలేదు. దాని తోక వెనకాల ఆ ఎర్రటి రాశి మళ్లీ పైకి లేచి, గాలి మింగి, మునిగింది.

నేను దర్గాలో చెప్పులు విడుస్తాను, కానీ ఎందుకో నాకు సరిగా తెలిసేది కాదు. అప్పుడు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, కాళ్లకున్న చెప్పులు విడిచాను.

"ఒంగితే చేతికందుతది" అన్నాడు చాచా.

నిజమే. ముల్లు అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు. నర్సవ్వ హోటల్లో గోడ, ఆ గోడ మీద నా మొహం, మూర దూరంలో ఉన్నాయి. రెండు చేతులూ వేసి గట్టు మీదికి విసిరితే చాలు.

వంగలేకపోయాను.

"చాచా, ఇది ఆకలికి వస్తలేదు" అన్నాను.

చాచా తల ఊపాడు. "చక్రధర్ ఫోటోలల్ల ఒకటి గిట్లనే పిల్లల్ని కాసుకుంటుంటే పడ్డది. పోయినేడు, పక్కూరి చెరువుల" అన్నాడు.

"మరి ఆ పిల్లలు?"

ఆయన అవతలి గట్టు వైపు చూశాడు. అక్కడ కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి.

పటేల్ మెల్లగా, వెనక్కి తిరక్కుండానే, లోతులోకి జరిగింది. నల్లటి వీపు కనపడకుండా పోయింది. ఎర్ర రాశి దాని మీదికి చేరింది.

"ఒకటి గొప్పనా, ఎన్నో గొప్పనా అన్నవు గద" అన్నాడు చాచా. "ఇప్పుడు చెప్పు. ఆడ ఎన్నున్నయ్?"

ఒకటి అందామని నోరు తెరిచాను. మూశాను. ఎన్నో అందామని తెరిచాను. మళ్లీ మూశాను. చూసేవాళ్లకు నేను కూడా గాలి మింగుతున్నట్టే ఉండుంటుంది.

అప్పుడు మత్తడి వైపు నుంచి మోటార్ సైకిల్ చప్పుడు వినిపించింది. దాని మీద రాజలింగూ చక్రధరూ, చప్పుడు కన్నా పెద్దగా కొట్లాడుకుంటూ. చక్రధర్ వీపున కొత్త గాలం కర్ర ఉంది. బండికి తగిలించిన డబ్బాలో ఏముందో నాకు తెలుసు.

ఎర్ర నీళ్లు చూస్తే చక్రధర్‌కు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

నేను చాచా వైపు చూశాను. ఆయన చెరువు వైపు చూస్తున్నాడు. ఏం చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గురువులతో వచ్చే కష్టమే ఇది.

తుంగకు అడ్డంగా, సరిగ్గా ఆ మూలన, బురదలోనే చతికిలబడ్డాను. పీలికను ఖాళీ నీళ్లలోకి విసిరాను.

"ఏం దర్జీ! పొద్దుగాలనే దుకాణం పెట్టినవ్!" చక్రధర్ బండి ఆపాడు. "పటేల్ కనబడ్డడా?"

"కనబడితే నేను గిట్ల కూసుంటనా?"

"నీకు కనబడితే అది పటేల్ ఎందుకైతది" అని రాజలింగు నవ్వాడు.

చక్రధర్ బండి దిగబోయాడు. "ఈ తుంగ మూల మంచిగనే ఉండేట్టుంది గని..."

"రా రా, కూసో" అన్నాను, పక్కన జాగా చూపించి. "రెండు గంటలసంది కూసున్న. ఒక్క పరిగె పిల్ల గూడ మొకం చూపలే. నీ చెయ్యన్న మంచిదైతదేమో చూద్దాం." ఆ మాట కాస్త నమ్మకంగా ఉండాలని నీళ్లలోంచి గాలం లాగి పైకెత్తి చూపించాను.

ఇద్దరూ దాని వంక చూశారు. తీగ చివర తడిసిన జాకెట్టు ముక్క వేలాడుతోంది.

"ముల్లేదిరా?" అన్నాడు చక్రధర్.

"అరె!" అన్నాను. "పెట్టుడు మర్చిపోయిన."

వాళ్లు నవ్విన నవ్వుకు అవతలి గట్టు మీద కొంగలు లేచాయి. రాజలింగు బండి హ్యాండిల్ మీద తల పెట్టేశాడు. సాయంత్రానికి ఈ సంగతి నర్సవ్వ హోటల్లో టీతో పాటు అందరికీ అందుతుందని, నేను బతికున్నన్నాళ్లూ అందుతూనే ఉంటుందని, ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

"పా రాజలింగు" అన్నాడు చక్రధర్ కళ్లు తుడుచుకుంటూ. "ఈయన కూసున్న కాడ చేప ఉంటదా? తూము కాడికి పోదాం."

బండి తిరిగింది. చప్పుడు దూరమైంది. చాలాసేపటి దాకా నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంది. నా పంచె బురదలో నానుతోంది. ముల్లు ఇంకా నా అరచేతిలోనే ఉంది, ఎప్పుడు గట్టిగా పట్టుకున్నానో ఏమో, కొంచెం గుచ్చుకుని నెత్తురొచ్చింది.

చాచా వచ్చి నా పక్కనే, అదే బురదలో, కూర్చున్నాడు. ఎన్నడూ అలా కూర్చోలేదు.

"చాచా," అన్నాను, "నేనడిగినదానికి మీరు..."

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మెల్లగ" అన్నాడు. "పిల్లలు పైకొస్తున్నయ్."