పైడయ్య పెళ్ళికారు అద్దం

అప్పన్నస్వామికి ఒక నమస్కారం. ముందు వరసలో బుద్ధిగా కూచున్న పిల్లలకి ఒకటి. వెనకాల గోడకి జేరబడి అప్పుడే ఆవులిస్తున్న పెద్దలకి రెండు. ఆవులింతలు తర్వాత, ముందు కథ వినండి.

మాడుగులకి ఇవతల, కొండ మొదట్లో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో తెలివిగలవాళ్ళ ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే, ఎవరూ అడక్కపోయినా సరే, బంగారయ్య గుమ్మంలోకొచ్చి "ఇదే, ఇదే, రండి" అనేవాడు. ఇంట్లో నలుగురు. బంగారయ్య, అతని పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు పైడయ్య, తల్లి అచ్చియ్యమ్మ. నలుగురికీ తమ తెలివంటే తగని గర్వం.

ఆ తెలివి ఎక్కణ్ణించి వచ్చిందంటే, తండ్రి పోతూపోతూ మూడు ముక్కలు చెప్పాడు. "చెప్పింది చెయ్యండి. చెప్పనిది చెయ్యకండి. మీ బుర్రలు మాత్రం వాడకండి." ఆ మూడో ముక్క ఎందుకన్నాడో మనకి తెలుసు. వాళ్ళకి తెలీదు. బుర్రలు అరిగిపోకుండా దాచుకోమన్నాడనుకున్నారు, పాపం.

చెప్పినవి మర్చిపోకుండా నూకరత్నం ఒక ఉపాయం కనిపెట్టింది. నడుముకి ఎప్పుడూ ఒక పురికొస దోపుకునేది. ఎవరేం చెప్పినా దానికో ముడి. సంతకెళ్ళి వచ్చేటప్పుడు ఒక్కో ముడీ విప్పేది. వంకాయలు, ఉల్లిపాయలు, చింతపండు. ఏ ముడి ముందు విప్పితేనేం, అన్నీ పులుసులో పడేవేగా!

ఇలా ఉండగా పైడయ్యకి పెళ్ళి కుదిరింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, తొమ్మిది సంబంధాలు తప్పిపోయాయి. ఇది పదోది. పిల్ల పేరు మంగవేణి, ఊరు ఘాట్ రోడ్డు ఎక్కి అవతల. పిల్ల బంగారం. తాత కన్నయ్య మాత్రం నిప్పు. "ముహూర్తం శుక్రవారం పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలు. ఆ నిమిషానికి జీలకర్రా బెల్లం తలమీద ఉండాలి. ఒక్క నిమిషం దాటితే పిల్లా లేదు, పీటలూ లేవు. ఇలాగే ఇద్దర్ని వెనక్కి పంపాను," అనేశాడు.

శ్రావణమాసం. కొండమీద ఒకటే వాన. బంగారయ్యకి ఒక పాత అంబాసిడర్ కారుంది. దాని ముందద్దానికి వాననీళ్ళు తుడిచే పుల్ల ఒక్కటే, అదీ పక్క సీటువైపు. డ్రైవరుకి ముందు ఏమీ కనబడదు, పక్కన కూచున్నవాడికి మాత్రం కొండలూ కోనలూ అన్నీ కనబడతాయి.

పైడయ్యకి నిద్ర పట్టడం మానేసింది. "అన్నయ్యా, ఈ కారులో నువ్వు నన్ను పెళ్ళికి తీసుకెళ్తావా, లోయలోకి తీసుకెళ్తావా?"

"దారి ఎటు తీసుకెళ్తే అటే కదరా."

సరే, బుధవారంనాడు వదినా మరిదీ కారు సామాన్ల కొట్టు బాషా దగ్గరికెళ్ళారు. బాషా మంచివాడు. ఒక చిన్న సీసా తీసి, "అక్కా, ఇది అద్దానికి రాస్తే వాననీళ్ళు నిలవవు. బొట్లుబొట్లుగా చుట్టుకుని గాలికి జారిపోతాయి. పుల్లతో పనే లేదు," అన్నాడు. "జాగర్తగా విను. ముందు అద్దం సబ్బుతో కడిగి ఆరనివ్వాలి." నూకరత్నం ఒక ముడి వేసింది. "మందు గుడ్డమీద వేసి గుండ్రంగా రుద్దాలి." రెండో ముడి. "తెల్లటి పొర వచ్చేదాకా ఆగాలి." మూడు. "పొడిగుడ్డతో తళతళలాడేదాకా తుడవాలి." నాలుగు. "ఆపైన ఆరుగంటలసేపు నీటిచుక్క తగలనివ్వకూడదు." అయిదు.

"ఇంకా?"

"ఇంకేం లేదక్కా. తేడావస్తే పూత తియ్యడానికి ఈ పొట్లంలో పాలిషు పొడి ఉంది. పెళ్ళికి శుభం."

గురువారం పొద్దున్నే కారుని సావిట్లోకి తోశారు. నూకరత్నం పురికొస తీసింది. కొసన ఆఖరున వేసిన ముడే చేతికి ముందొచ్చింది. అంతే, అదే మొదలు!

"ఆరుగంటలు నీటిచుక్క తగలకూడదట!"

ఇంకేముంది, ఇంట్లో బిందెలు, కూజాలు, చెంబులు అన్నీ వీధిలో బోర్లించారు. గేదెకి కుడితి బంద్. పెళ్ళిబెంగతో పైడయ్యకి కళ్ళు చెమర్చితే బంగారయ్య వాణ్ణి రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు. "ఏడిస్తే ఇక్కడ ఏడూ. అద్దం దగ్గర చుక్క పడిందో, నీ పెళ్ళి నీదే, నాకు తెలీదు."

అచ్చియ్యమ్మకి దాహంతో నోరు పిడచకట్టుకుపోయింది. "ఒరే, గుక్కెడు నీళ్ళురా!"

"ఓర్చుకో అమ్మా. కోడలొచ్చాక చెరువంత తాగుదువుగాని."

మధ్యాహ్నానికి ఆరుగంటలూ గడిచాయి. రెండో ముడి విప్పారు. పొడిగుడ్డతో తుడవడం. తుడిచారు. అద్దం తళతళలాడింది. అప్పటికి దానికేమీ రాయలేదు మరి, తళతళలాడక ఏం చేస్తుంది! మూడో ముడి విప్పారు. తెల్లటి పొర వచ్చేదాకా ఆగడం. నలుగురూ కారు ముందు చాప పరుచుకుని కూచున్నారు. అరగంటయింది. పొర రాలేదు. గంటయింది. రాలేదు.

"ఎందుకు రాదంటావు?" అన్నాడు పైడయ్య.

అచ్చియ్యమ్మ ఆలోచించింది. "నలుగురం గుడ్లప్పగించి చూస్తుంటే దానికి మాత్రం సిగ్గుండదేటిరా? పెళ్ళిచూపుల్లో నువ్వు మాత్రం తలెత్తావా?"

నిజమే కదా! నలుగురూ అద్దానికి వీపుచేసి కూచున్నారు. ఊరికే కూచోడమెందుకని నూకరత్నం అరిసెలకి బియ్యప్పిండి జల్లించడం మొదలెట్టింది. గాలి అటునించి ఇటు. కాసేపటికి బంగారయ్య వెనక్కి తిరిగి కేకేశాడు. "వచ్చిందోయ్ పొర! తెల్లగా, మల్లెపూవులా వచ్చింది!"

స్వామీ, నరసింహా! నాలుగో ముడి విప్పి ఆ పిండి మీదే మందు పోశారు. గుండ్రంగా రుద్దాలి కదా, బంగారయ్య గుడ్డ అద్దానికి ఆనించి కారుచుట్టూ ప్రదక్షిణం మొదలెట్టాడు. అద్దం దాటగానే గుడ్డ డోరుమీద, డిక్కీమీద, మళ్ళీ అద్దంమీద. అచ్చియ్యమ్మ చేతులు జోడించి గోవిందా అంది. పదకొండు ప్రదక్షిణాలకి సీసా ఖాళీ. ఆఖరి ముడి విప్పారు. సబ్బుతో కడిగి ఆరబెట్టడం. పిండీ, మందూ, సబ్బునురగా కలిసి అద్దంమీద అట్టు పోసినట్టు పరుచుకుని, సాయంత్రానికి గట్టిపడి కూచుంది.

"ఒక్క ముడీ తప్పలేదు," అంది నూకరత్నం పురికొస దులిపి. ఆ రాత్రి అందరూ హాయిగా పడుకున్నారు.

శుక్రవారం తెల్లవారింది. చుట్టాలంతా ముందురోజే వ్యానెక్కి వెళ్ళిపోయారు. మిగిలింది వీళ్ళు నలుగురే. పైడయ్య పట్టుపంచె కట్టాడు, బాసికం కట్టాడు. కారు వాకిట్లోకి తెచ్చారు. వాన మొదలైంది. బంగారయ్య స్టీరింగు ముందు కూచుని, "ఒరే, ఇంకా తెల్లవారలేదేటి?" అన్నాడు.

"తెల్లవారింది అన్నయ్యా. నీ ముందున్నదే తెల్లగా ఉంది."

బాషాకి ఫోను చేశారు. నిద్రలో ఉన్న బాషా లేచి అంతా విన్నాడు. "అన్నా, ఇక పూత తియ్యడమే. పొట్లంలో పొడి తడిగుడ్డమీద వేసి గట్టిగా రుద్దండి. నీళ్ళు పోసి చూడండి. బొట్లుబొట్లుగా నిలిస్తే పూత ఇంకా ఉన్నట్టు. పల్చగా దుప్పటిలా పరుచుకుంటే పోయినట్టు."

రుద్దారు. చెప్పినట్టే రుద్దారు. అట్టంతా ఊడిపోయింది. చెంబెడు నీళ్ళు పోస్తే చక్కగా దుప్పటిలా పరుచుకున్నాయి. పైడయ్య ఎగిరి గంతేశాడు. అంతలో అచ్చియ్యమ్మ వంగి చూసి, "ఒరే, ఇదిగో బొట్టు! ఇదిగో ఇంకోటి!" అంది.

వాన పడుతోంది నాయనలారా. వాన బొట్లుగా కాక బిందెలతో పడుతుందా?

ఇంకేముంది, మళ్ళీ రుద్దారు. మళ్ళీ బొట్లు. పైడయ్య పట్టుపంచె ఎగ్గట్టి రుద్దాడు. బాసికం చెవిమీదికి జారింది. ఏడయింది, ఏడున్నరయింది. ఎంత రుద్దినా బొట్లు పడుతూనే ఉన్నాయి. మళ్ళీ ఫోను.

"బాషా, ఇంకా బొట్లే!"

"వానలో చూస్తే బొట్లు కాక ముత్యాలు కనబడతాయా అన్నా? అద్దాన్ని ఆ వానలోంచి తీసి, లోపల పెట్టి చూడు ముందు!" అని బాషా ఫోను పెట్టేశాడు. కారుని సావిట్లోకి తొయ్యమని పాపం అతని ఉద్దేశం.

చెప్పింది చెయ్యడమే కదా. బంగారయ్య స్క్రూడ్రైవరుతో అంచురబ్బరు ఊడదీశాడు. అన్నదమ్ములిద్దరూ లోపల్నించి భుజాలు ఆనించి నెట్టారు. అద్దం ఊడి చేతికొచ్చింది. ఇంట్లోకి మోసుకెళ్ళి తుడిచి, మంచంమీద పడుకోబెట్టి చూశారు. ఒక్క బొట్టు లేదు!

"పోయిందర్రా పూత!" అందరూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు.

"మళ్ళీ బిగిద్దామా?" అన్నాడు పైడయ్య.

"బిగించమని చెప్పాడా?"

"లేదు."

"మరి? అయినా ఎనిమిదవుతోంది, నడు!"

బంగారయ్య స్టీరింగు ముందు కూచుని ముందుకి చూసి పొంగిపోయాడు. "ఓలమ్మా! ఎంత తేటగా కనబడుతోందే! అసలు అద్దం ఉన్నట్టే లేదు!"

అద్దాన్ని ఇంట్లో వదిలేస్తే దొంగలెత్తుకుపోతారని వెనక సీట్లో నూకరత్నం, పైడయ్య ఒళ్ళో పెట్టుకున్నారు. తడిస్తే మళ్ళీ బొట్లు వస్తాయని దానికి రెండు బొంతలు చుట్టారు. వీళ్ళకి మాత్రం ఏమీ చుట్టుకోలేదు. ఘాట్ ఎక్కేసరికి వాన మొహాన ఈడ్చి ఈడ్చి కొట్టింది. ముందు సీట్లో అచ్చియ్యమ్మ నోరు తెరిచి, "ఇప్పటికి తీరిందర్రా నా దాహం," అంది. నిన్నటి దాహం!

మలుపులో లారీ ఆపుకుని టీ తాగుతున్న డ్రైవరొకడు వీళ్ళని చూసి గుటక మింగాడు. "ఏటయ్యా, నీ ముందద్దం ఏదీ?"

"వెనక సీట్లో ఉందండీ, తడవకుండా!" అని బంగారయ్య గేరు మార్చాడు.

ఆ మాట మాత్రం నిజం. పెళ్ళింటికి చేరేసరికి నలుగురూ పిండిన గుడ్డల్లా ఉన్నారు. బొంతల్లో అద్దం మాత్రం పొడిగా, పెళ్ళికొడుకులా ఉంది. టైము పదీ ఎనిమిది.

"ఇంకా నాలుగు నిమిషాలు!" కన్నయ్య తాత గడియారం చేత్తో పట్టుకుని పందిట్లో నిలబడ్డాడు. "పరుగెత్తండి!"

పైడయ్య నీళ్ళోడుతూ పీటమీద పడ్డాడు. ఎదురుగా మంగవేణి తల వంచుకుని కూచుంది. పంతులుగారు మంత్రం ఆపి, "మగపెళ్ళివారు తెచ్చే తెరసెల్లా ఏదమ్మా? ఇద్దరి మధ్యా పట్టాలి," అన్నారు.

నూకరత్నం మొహం చిన్నబుచ్చుకుంది. "మూడో మలుపులో గాలికి ఎగిరిపోయిందండీ పంతులుగారూ."

"పది పదకొండు!" అని అరిచాడు తాత.

"ఏదో ఒకటి మధ్యలో నిలబెట్టండి తల్లీ, టైము లేదు!"

ఏదో ఒకటి అన్నారు కదా. మొగుడూ పెళ్ళాం కారు దగ్గరికి పరుగెత్తి, బొంతలు విప్పి అద్దాన్ని తెచ్చి, చెరో పక్కా పట్టుకుని వధూవరుల మధ్య నిలబెట్టారు. పందిట్లో గుసగుసలు లేచాయి. పైడయ్య అద్దంలోంచి మంగవేణిని చూశాడు. మంగవేణి పైడయ్యని చూసింది. తెర ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. పంతులుగారు తల పట్టుకున్నారు.

"పది పన్నెండు!"

"సుముహూర్తం! ఎదురుగా కనిపించే తలమీద జీలకర్రా బెల్లం పెట్టు నాయనా!"

పైడయ్యకి తల ఎక్కడ కనబడింది? అద్దంలో. అంతే, అక్కడే పెట్టాడు, గట్టిగా అద్దానికి నొక్కి. మంగవేణి సిగ్గుతో కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది. అదీ అవతలివైపు అద్దానికే అంటుకుంది.

"అయ్యో! తలమీద నాయనా, తలమీద!" పంతులుగారి కేక పందిరంతా దద్దరిల్లింది. "అది తలమీదుండాలి!"

"తలమీదే కదా, అలాగే!" అన్నాడు బంగారయ్య. అతనూ నూకరత్నమూ ఒక్క ఊపున అద్దాన్ని పైకెత్తి, జీలకర్రా బెల్లంతో సహా, పెళ్ళికూతురి తలమీద ఒక కొసా, పెళ్ళికొడుకు తలమీద ఒక కొసా ఆనించి పడుకోబెట్టేశారు.

మంగవేణి భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోందనుకున్నారు. కాదు, నవ్వు. అద్దం ఊగుతోంది, పైడయ్య రెండు చేతులా ఆపుతున్నాడు.

కన్నయ్య తాత గడియారం చూశాడు. అద్దం కిందికి వంగి చూశాడు, పైకి లేచి చూశాడు. నవ్వుతున్న మనవరాలిని చూశాడు. "పంతులూ, జీలకర్రా బెల్లం ఎక్కడుంది?"

"అద్దంమీదండీ."

"అద్దం ఎక్కడుంది?"

"వాళ్ళ తలలమీదండీ."

"ఇంకా పది పన్నెండే. మరి చూస్తారేటి, వాయించండయ్యా మేళం!"

మేళం మోగింది. అక్షింతలు జల్లుమన్నాయి. ఒక్కటీ వధూవరులమీద పడలేదు, అన్నీ అద్దంమీదే. బంగారయ్య వంగి చూసి, తమ్ముడితో గర్వంగా అన్నాడు:

"కదలకురా. ఇవి బొట్లుబొట్లుగానే నిలుస్తున్నాయి. పూత ఇంకా ఉన్నట్టుంది. పొడి ఎవరైనా తెండి, రుద్దాలి!"