విస్తరి మీద చేతులు

తుని బజారులో మిఠాయిలు చేసే గవర్రాజుకి ఒక చిక్కు వచ్చిపడింది. జీతం పెంచమని షావుకారిని అడగాలి. అడగడానికి నోరు రావడం లేదు.

పాకం పట్టడంలో అతను ఆరితేరినవాడు. వేళ్ల మధ్య తీగ సాగదీసి చూడనక్కర్లేదు, బుడగల చప్పుడు విని పొయ్యి మీంచి దించేస్తాడు. ఆ చేతి కాజాల కోసమే జనం ఆ కొట్టుకి వస్తారు. జీతం మాత్రం ఐదేళ్లుగా ఉన్నచోటే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. గవర్రాజు వాళ్లమ్మ అడక్కుండానే పెట్టేదట, అక్కడే చెడ్డాడు.

కొట్టుకి సెలవైన మంగళవారం సైకిలెక్కి ఊరికి దూరంగా తాండవ నది ఒడ్డున ఉన్న ఆశ్రమానికి వచ్చాడు. అక్కడి స్వామి పేరు నిత్యతృప్తానంద. అంత పేరు పలకలేక ఆశ్రమంలో ఉండే మేమంతా తృప్తి స్వామి అంటాం. ఎనభై దాటినా వచ్చినవాళ్లకి తన చేత్తోనే వడ్డిస్తారు. చాలు చాలంటూ విస్తరికి చేతులు అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేస్తారు. అంత ప్రేమగా పెట్టే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

గవర్రాజు దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

“స్వామీ, నేను ఆశ చంపుకున్నానండి. ఇన్నేళ్లలో షావుకారిని ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.”

“మంచిదే. మరి మొహం అలా మాడిందేం?”

దాంతో అంతా బయటికొచ్చింది. నిరుడు చేరిన వంటవాడికి తనకన్నా ఎక్కువ ఇస్తున్నారట. అది తెలిసిన నాటి నుంచి షావుకారిని చూస్తే ఒళ్లు మండుతోందట. మొన్న పాకం ముదురుతోందని తెలిసి కూడా దించలేదట. కాజాల మీద పంచదార పేరుకుపోయి తెల్లగా తేలాయట.

“కావాలనే చేశానండి,” అని కళ్లు తుడుచుకున్నాడు. “ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే నా పని నాకే రాకుండా పోతుంది. మానేసి ఎక్కడికైనా పోతానండి.”

“మీ షావుకారు ఎప్పుడూ అడగలేదా, నీకేం కావాలని?”

“అడిగారండి. దసరాకి పిలిచి, ‘ఏమన్నా ఇబ్బందుందా గవర్రాజూ’ అన్నారు. ‘అబ్బే, తమ దయ వల్ల ఏ లోటూ లేదండి’ అన్నాను.”

“ఆయనేమన్నాడు?”

“సరే అన్నారండి. ఒక్కసారే అడిగి ఊరుకున్నారండి.”

స్వామి భోజనానికి లెమ్మన్నారు.

పంక్తిలో గవర్రాజు పక్కన నేనే కూర్చున్నాను. అందరికీ అన్నం పెట్టాక స్వామి పప్పు గిన్నెతో వచ్చారు. “పప్పు వెయ్యనా?” అన్నారు. గవర్రాజు అలవాటుగా రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టి, “చాలండి, చాలండి” అన్నాడు. స్వామి నా దగ్గరికి వచ్చేశారు.

వంకాయ కూరకీ అంతే. పులుసుకీ అంతే. నాకు మొహమాటం ఎక్కడిది, ప్రతిదీ రెండోసారి కూడా వేయించుకున్నాను. గవర్రాజు విస్తట్లో మాత్రం అన్నం తెల్లగా అలాగే ఉంది. పొద్దున్నుంచీ సైకిలు తొక్కి వచ్చినవాడు, ఎంత ఆకలి మీద ఉన్నాడో. నాకే బాధేసింది.

చివరికి పెరుగు వచ్చింది. అందరికీ వేసి స్వామి ఆఖర్న గవర్రాజు ముందుకి వచ్చారు. మళ్లీ చేతులు అడ్డం వెళ్లాయి. ఈసారి స్వామి కదల్లేదు, గరిటె దించలేదు. గవర్రాజు తలెత్తాడు.

“నా మీద కోపమాండి?”

“లేదే.”

“మరి అందరికీ పెట్టి...”

“నువ్వు వద్దన్నావు కదా.”

మిగతావాళ్లు లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. నేను మాత్రం కదల్లేకపోయాను. స్వామికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. అయినా ఆ పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. మళ్లీ అడగలేదు, పక్కకీ జరగలేదు. ఆయన కాళ్లు వణకడం నేను చూశాను. గవర్రాజూ చూశాడు.

చేతులు మెల్లగా విస్తరి మీంచి తీశాడు.

“పెరుగు వేయండి స్వామీ.”

“ఎంత?”

ఆ మాటకి గవర్రాజు తడబడ్డాడు. మీ ఇష్టం అనబోయి ఆగాడు.

“రెండు గరిటెలు.”

స్వామి సరిగ్గా రెండు గరిటెలు వేసి, గిన్నె తీసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాతి సంగతి గవర్రాజే నాకు చెప్పాడు. మర్నాడు షావుకారి ముందు నిలబడి, చేతులు కట్టుకోబోయి మానేశాడట. జీతం పెంచమని అడిగాడట. షావుకారు కళ్లద్దాలు తీసి, “ఎంత?” అన్నారట. నవ్వొచ్చినా ఆపుకుని చెప్పాడట. ఆయన కాస్త బేరమాడి ఒప్పుకున్నారట. “ఈ మాట దసరా నాడే చెప్పొచ్చుగా,” అని ఎదురు కోప్పడ్డారట కూడా.

మళ్లీ మంగళవారం గవర్రాజు కాజాల బుట్టతో ఆశ్రమానికి వచ్చాడు. బంగారు రంగులో మెరుస్తున్నాయి, కొరికితే పాకం నోట్లోకి కారుతోంది. ఆ రోజు పంక్తిలో స్వామిని కూర్చోబెట్టి, తనే వడ్డనకి దిగాడు.

“ఒక్క కాజా వేసుకుంటారాండి?” అన్నాడు, ఆ వయసులో తీపి వద్దంటారేమోనని భయపడుతూ.

తృప్తి స్వామి విస్తరి ముందుకి జరిపారు.

“రెండు వెయ్యి.”